మేజర్‌కు దొరికిన ఫార్మ్‌హౌస్

హలో… ఆ, నేనే మాట్లాడుతున్న. నవనీతనే. నా ఫోను నేను గాక ఇంకెవరెత్తుతరు?

…లేదు, నిద్రపోతలేను. మాకు తెల్లారి చానా సేపైంది. మీకిప్పుడు తెల్లారినట్టుంది.

…ఆ, కోదాడలనే. అమ్మగారింట్లనే ఉన్న. కట్టుకున్న మొగుడు మిర్యాలగూడల ఉంటే, ఇరిగిన చెయ్యేసుకొని నేనింకెక్కడికి పోత?

…చెయ్యా? ఉన్నది. అడిగినందుకు సంతోషం. కట్టు ఇంకా విప్పలేదు… ఆ, కుడి చెయ్యే. ఏ చెయ్యి ఇరిగిందో గూడ యాది లేదా? మెట్ల మీద నుంచి లేపింది మీరే గదా… ఓ, కాదు కాదు. లేపింది కింద ఇంటి ఓనరమ్మ. మీరప్పుడు మీ మొబైల్ షాపుల ఉన్నరు. ఎవరి ఫోనుకో గ్లాసు అతికిస్తున్నరు.

…సరే, ఏం లేదు. చెప్పండి, ఏంది సంగతి?

…ఏందీ? మళ్లొకసారి చెప్పండి.

…మేజర్‌ను ఇచ్చేసిన్రా! కుక్కనేనా? మన మేజర్‌నే? … ఎవరికి?

…ఫార్మ్‌హౌస్‌కా! అబ్బో. ఎక్కడ? … చివ్వెంల కాడ. ఆహా. ఎవరిది? … మీ ఫ్రెండుకు ఫ్రెండు. పేరు లేదా ఆయనకు? … ఏందీ, అంత సేపు ఆలోచిస్తున్నరు… తులసీరాం. మంచిది. తులసీరాం గారి ఫార్మ్‌హౌస్.

…మామిడి తోటనా… చుట్టు కంచె… బోరు… ఏందీ, స్విమ్మింగ్ పూల్ గూడ ఉన్నదా? కుక్కకా, ఆయనకా?

…నేనెందుకు వెటకారం చేస్త? సంతోషపడుతున్న. మేడ మీద నీళ్ల ట్యాంకు చుట్టు తిరిగి తిరిగి సిమెంటును అద్దం లెక్క నున్నగ చేసిన కుక్కకు మామిడి తోట దొరికిందంటే ఎవరు సంతోషపడరు?

…మరి దింపినప్పుడు ఏడ్వలేదా అది? … ఉరుక్కుంట పోయి ఆడుకున్నదా. వెనక్కి తిరిగి గూడ చూడలేదా… మీకే కండ్లల్ల నీళ్లు తిరిగినయా. అయ్యో పాపం.

…ఏం లేదు, దగ్గు వచ్చింది. చెప్పండి, వింటనే ఉన్న.

…ఏం చప్పుడు? … ఎవరో రొప్పుతున్నట్టు వినపడుతుందా? మా అమ్మ పొయ్యి మీద కుక్కర్ పెట్టింది… ఆ, పప్పు. మా ఇంటి కుక్కర్ గట్లనే ఉంటది. పాతది. ఆవిరంత పక్కల నుంచి పోతది.

…చివ్వెంల అంటే మాకు దూరమేం గాదు గదా. సూర్యాపేట బస్సెక్కితే దార్లనే. రేపు పోయి ఒకసారి చూసొస్త…

…ఎందుకొద్దు? … తులసీరాం గారు ఊర్ల లేరా. ఎప్పుడొస్తరు? … తెల్వదు. పోనీ, పనోళ్లుంటరు గదా… నన్ను చూస్తే కుక్క కన్‌ఫ్యూజ్ అయితదా! ఓహో. కొత్త ఇంటికి అలవాటు పడేదాక పాతోళ్లు కనపడొద్దా. ఎవరు చెప్పిన్రు గిది? యూట్యూబుల విన్నరా, మీరే చెప్పుకున్నరా?

…నా కోసమా? నా కోసం ఇచ్చేసిన్రా? … "నీ చెయ్యి ఇరగ్గొట్టిన కుక్కను ఇంట్ల ఎట్ల ఉంచుత" అనా… ఎంత ప్రేమండీ మీకు. ఈ ప్రేమ దవాఖానల నన్ను బెంచీ మీద కూసోబెట్టి షాపుకు పోయిననాడు ఏ జేబుల దాచిన్రు?

…ఆ, ఇగ ఇంటికి రమ్మంటరు. ఎప్పుడు? … ఆదివారం లోపల్నా. ఎందుకంత తొందర? … మీ అమ్మ వస్తున్నదా. అత్తమ్మ వస్తే వంటెవరు చేస్తరు, అదీ సంగతి. ఆ ఒక్క ముక్క చెప్తే అయిపోవు గదా, మామిడి తోటలు, స్విమ్మింగ్ పూళ్లు ఎందుకు మధ్యల?

…కోపం గాదు. ఒక్క మాట అడుగుత, దానికి జవాబు చెప్పండి. కుక్కను తీసెయ్‌మని నేనెప్పుడన్న? … దవాఖానలనా. ఏమన్న? … లేదు, మీకు యాది లేదు. నేను చెప్త. "దాన్ని రోజు ఉరికించకుంటే ఇయ్యాల నా చెయ్యి, రేపు ఇంకొకరి కాలు" అన్న. ఉరికించమన్న. తరిమెయ్‌మనలే. ఈ రెండు మాటలకు తేడా తెల్వనంత చెవుడు ఎప్పుడొచ్చింది మీకు?

…దూకింది. నా మీద దూకింది, నిజమే. ఎందుకు దూకింది? పొద్దుగాల నుంచి ఎండల గొలుసుకు ఉన్నది. బట్టలారేసెటందుకు మనిషి వచ్చిందని సంతోషానికి గొలుసు తెంపుకొని దూకింది. నేను బకెటు తోటి మెట్ల మీద ఉన్న, కాలు జారింది. కొరికిందా? గీరిందా? ఓనరమ్మ వచ్చేదాక నా మొఖం నాకుకుంట పక్కనే కూసుంది. ఆ రోజు నాకు తోడున్నది అదొక్కటే.

…అసలు దాన్ని ఎవరు తెమ్మన్నరు? నేనన్ననా? పోలీసోళ్ల కాడ ఉండే జాతి అది. కొండలెక్కేది, గోడలు దూకేది, బాంబులు వెతికేది. దాన్ని తెచ్చి రెండు రూముల కిరాయి పోర్షన్‌ల పెట్టిన్రు. పేరు మేజర్. డ్యూటీ ఏంది? ట్యాంకు కాడ కావలి. మోటరు వైరు కొరికింది, ఓనరమ్మ ఎండబెట్టిన వడియాలు తిన్నది, మీ చెప్పులన్నీ ఒంటి చెప్పులైనయ్. తినదా మరి? పని లేని ఒళ్లు, పని లేని పండ్లు… ఏం చేస్తది?

…మీరు ఉరికించిన్రా! ఎప్పుడు? … రైల్వే గ్రౌండుల. ఆ, యాదికున్నది. నల్ల బనీను, నల్లద్దాలు. మీ దోస్తు బాలాజీ ఫోన్ పట్టుకున్నడు. రీలు ఎంత సేపో ఉరుకుడు అంత సేపు. వీడియో ఆగిందో లేదో మీరు బండి మీద, కుక్క మేడ మీద.

…ట్రైనరు! మంచిగ గుర్తు చేసిన్రు. ఆయన చేసింది ట్రైనింగు గాదు, కచ్చ తీర్చుకునుడు. మెడకు ముండ్ల గొలుసేసి గుంజుడు, కట్టె తోటి కొట్టుడు. కూసోకపోతే దెబ్బ, కూసున్నా దెబ్బ. ఇగ దానికేం అర్థమైతది? మనిషి చెయ్యి లేస్తే వణకాలె, అదొక్కటే అర్థమైంది. నేను కింద నుంచి మొత్తుకుంటుంటే మీరేం చేసిన్రు? "స్ట్రిక్ట్ ట్రైనింగ్" అని స్టేటస్ పెట్టిన్రు. పైన రెండు మంటల బొమ్మలు.

…ఆ, సరే, పాత ముచ్చట్లొద్దు. కొత్త ముచ్చటే అడుగుత. బాలాజీ కారు ఏం రంగు? … ఊకెనే అడిగిన. తెల్లదే గదా? … ఆ కారులనే తీసుకపోయిన్రా మేజర్‌ను? … సూర్యాపేట దిక్కు పోవాల్సిన కారు మరి పెద్దవూర దిక్కు ఎందుకు పోయింది?

…హలో.

…హలో? ఉన్నరా? లైను పోయిందా, నోరు పోయిందా?

…నేనేమన్ననో నీకు వినపడ్డది. పెద్దవూర. హాలియా దాటి, సాగర్ పొయ్యే రోడ్డు మీద. చివ్వెంల గాదు, మామిడి తోట గాదు. రోడ్డు.

…ఎవరు చెప్పిన్రంటే ఏం చెప్పాలె? … బాలాజీ చెప్పలే. వాడెందుకు చెప్తడు, వాడు నీకంటే దొంగ.

…ఆ, "నీకు" అంటున్న. "నువ్వు" అంటున్న. పెండ్లైన కాడ్నుంచి మీరు మీరు అన్న. మీరు అనాలంటే ఎదుట ఉన్నది జర మనిషి లెక్క కనపడాలె గదా. ఇయ్యాల్టి నుంచి నువ్వే. మీ అమ్మ ముందట గూడ నువ్వే.

…అరవకు. మా అమ్మ వాకిట్లనే ఉన్నది, ఆమెకు గూడ వినపడుతుంది నీ గొంతు.

…ఎట్ల తెలిసిందా? దాని మెడల బిళ్ల ఉన్నది. బెల్టు ఇప్పలే నువ్వు. ఎందుకిప్పలే? అది కారు దిగంగనే తలుపేసుకొని గాలి లెక్క ఉరికిన్రు, ఇప్పే ధైర్యం యాడిది? ఆ బిళ్ల మీద నంబరు నాది. టీకా ఏపిచ్చిననాడు డాక్టరు నంబరు అడిగితే ఏమన్నవ్? "నేను షాపుల బిజీ ఉంట, ఆమెది రాసుకోండి" అన్నవ్. నీ బిజీనే నిన్ను పట్టిచ్చింది.

…మూడు వారాల కింద భద్రమ్మ అని, గొర్ల కాపరామె ఫోన్ చేసింది. నాకేం తెలుసు ఆమె ఎవరో. "బిడ్డా, గీ కుక్క మీదేనా? నిన్నటి సంది రోడ్డు ఇడుస్తలేదు. పొద్దుగాల గొర్లను కొట్టుకొని పోంగ గాడనే ఉన్నది, మల్లొచ్చేసరికి గాడనే ఉన్నది. సల్లన్నం పెడితే ముట్టలే. తెల్లకారు కనపడితే సాలు, దాని ఎంటపడి ఉరుకుతంది. ఏ లారీ కిందనో పడి సస్తది, జర జల్ది రాండ్రి" అన్నది.

…విన్నవా? తెల్లకారు కనపడితే చాలు. ప్రతి తెల్లకారుల నువ్వే ఉన్నవనుకున్నది. "వెనక్కి తిరిగి గూడ చూడలేదు" అంటివి గదా ఇందాక? అబద్ధం ఆడినా జర మర్యాదగ ఆడాలె. చూడనిది నువ్వు. అద్దంల గూడ చూసి ఉండవు.

…చూసినవా? … ఏం చూసినవ్? … కారు వెనక ఉరికిందా. ఎంత దూరం? … చెప్పు, ఎంత దూరం ఉరికింది? … బాలాజీని ఆపుమన్నవా? … అన్నవా. మరి ఆపలేదా వాడు… గట్టిగ అనలేదా. ఛీ.

…ఏమనాలె మరి? చప్పట్లు కొట్టాల్నా?

…నేనే పోయిన. ఇంకెవరు పోతరు? ఇరిగిన చెయ్యి చున్నీల ఏసుకొని మిర్యాలగూడ బస్సెక్కిన. మా అమ్మ బస్టాండుదాక తిట్టుకుంటనే వచ్చింది. మిర్యాలగూడల బస్సు నీ షాపు ముందట్నుంచే పోయింది. చూసిన. ఫోన్‌ల ఎవరి తోటో నవ్వుకుంట మాట్లాడుతున్నవ్. దిగి చెంప మీద ఒక్కటి ఇద్దామనుకున్న. కుడి చెయ్యి లేవకపాయె.

…ఎట్ల ఉన్నదంటవా? ఇప్పుడడుగుతున్నవా? కాళ్ల కింద తోలు లేసిపోయింది, తారు రోడ్డుకు. నాలుక నల్లగైంది. నన్ను చూసి తోకూపింది, వచ్చి నా కట్టు వాసన చూసింది. అంతే, మళ్లీ పోయి రోడ్డు పక్కన కూసుంది. రమ్మంటే రాదు. గుంజితే రాదు. నేను గూడ పోయి దాని పక్కనే కంకర మీద కూసున్న. పొయ్యేటోళ్లు బండ్లాపి చూస్తున్నరు, ఏందమ్మా పిచ్చిదానివా అని. భద్రమ్మ చెంబుల నీళ్లు తెచ్చింది. నేను దోసిట్ల పోస్తె — ఎడమ దోసిలే, ఒక్కటే — తాగింది. అప్పుడు నా ఒళ్లె తల పెట్టింది. ఇంత బరువు తల…

…లేదు, ఏడుస్తలేను. నీకు ఏడుపు వినపడితే వీడియోకు పనికొస్తదనుకుంటున్నవా?

…బస్సుల ఎక్కనిస్తరా కుక్కను? ట్రాలీ ఆటో. ఉల్లిగడ్డ బస్తాల మీద అది, దాని పక్కన నేను. కోదాడదాక. తెల్లకారు వచ్చినప్పుడల్లా లేస్తది, నేను దాని కండ్లు మూస్త. ఎన్ని తెల్లకార్లయ్యా ఈ లోకంల!

…ఆ. ఇక్కడనే ఉన్నది. నా కాళ్ల కాడ పండుకున్నది. కాల్వ కట్ట మీద ఉరికొచ్చి రొప్పుతుంది. నువ్విన్న కుక్కర్ అదే.

…ఏందా నవ్వు? … సంతోషమా? … నిజంగనే సంతోషమా. సరే. ఆ ఒక్క నవ్వు నమ్ముత, పో.

…ఏందీ? … ఏమన్నవ్?

…"మేజర్ రిటర్న్స్" అని రీలు చేస్తవా? ఓరి దేవుడా. నీ నోటికి అడ్డం లేదా? ఇంతసేపు నేను చెప్పిందంత విని నీకు తట్టింది ఇదా! … ఆ, ఫాలోవర్లు అడుగుతున్నరు, అడుగుతరు. నువ్వు పెట్టిన ఏడుపు వీడియో నేను చూడలేదనుకుంటున్నవా? మా అమ్మ గూడ చూసింది. పక్కింటోళ్లు తెచ్చి చూపించిన్రు. "నా కొడుకు లాంటి మేజర్‌ను ఫ్యామిలీ ప్రాబ్లమ్ వల్ల దూరం చేసుకున్న." ఆ ఫ్యామిలీ ఎవరు? ఆ ప్రాబ్లమ్ ఎవరు? కింద కామెంట్లు చదివినవా? "అన్నా, కుక్కను గాదు, పెండ్లాన్ని వదిలెయ్" అని ఒకడు. దానికి నువ్వు ఎర్రగుండె పెట్టినవ్. ఎర్రగుండె!

…చూసుకోలేదా. వేలు తగిలిందా. ఆ, నీ వేలు తగులుతనే ఉంటది.

…లేదు, నేనేం పెట్ట. భద్రమ్మ కోడలు తీసింది వీడియో. కుక్క తెల్లకారు వెనక ఉరుకుడు. నా ఫోన్‌ల ఉన్నది. పెడితే నీ షాపు షట్టరు మీద పేడ కొడ్తరు జనం. పెట్టనులే. దాని బాధను పది మందికి చూపి నేను లైకులు ఏరుకోవాల్నా? ఆ బతుకు నీకే బాగుంటది.

…అమ్మా, ఒక్క నిమిషమే, నువ్వు తిను… ఆయనే… ఆ, సిగ్గు లేకనే చేసిండు, ఏం చేయాలె.

…మా అమ్మ ఎట్ల ఊకున్నదంటవా? ఎక్కడూకున్నది? తెచ్చిన మొదటి పూట, "నీ చెయ్యి ఇరగ్గొట్టినదాన్ని నెత్తి మీద పెట్టుకొని వచ్చినవా" అని చీపురు లేపింది. అది చీపురు చూసి గోడ మూలకు పోయి ముడుసుకొని ఉచ్చ పోసుకున్నది. అంత ఎత్తు కుక్క! మా అమ్మ చీపురు అక్కడనే పడేసింది. మళ్లీ దాని ముందట లేపలే. ఇప్పుడు అది వేరే గదిల పండుకుంటే ఊడుస్తది. నీ ట్రైనరు చేసిన ఘనకార్యం అది. ఫీజు వాపస్ అడుగు.

…దాన్ని నేనెట్ల పట్టుకుంటున్ననంటే… పట్టుడేం లేదు, మొదట అదే నన్ను పట్టింది. కాల్వ దిక్కు గుంజుకపోయి బురదల బోర్లేసింది. కట్టు నిండ బురద. పశువుల డాక్టరు మధుసూదన్ సారు చెప్పిండు: గుంజితే ఎంట పోకు, కొట్టకు, నిలబడు. తాడు వదులైతేనే అడుగెయ్ అని. కరెంటు స్తంభం లెక్క నిలబడ్డ. మా గల్లి దాటేసరికే ఎండెక్కింది. గల్లంత నవ్విన్రు. నవ్వనీ. నీ తోటి కాపురం చేసినదాన్ని, నవ్వులు నాకు కొత్తనా?

…ఇప్పుడు నడుస్తది. పక్క పక్కనే. కాల్వ కట్ట ఎక్కినంక పొడుగు తాడు ఇడుస్త, ఉరుకుతది చూడు… నువ్వు చూడలే గదా అది ఉరుకుతే ఎట్లుంటదో. ట్యాంకు చుట్టు తిరిగింది చూసినవ్ గానీ, సీదా ఉరికింది చూడలే. చెవులు వెనక్కి పెట్టి, పొట్ట నేలకు తగులుతదా అన్నట్టు… కాల్వల నీళ్ల తోటి పందెం పెట్టుకున్నట్టు. రైతులు మోటర్లు బంద్ చేసి చూస్తరు.

…ఉరుకుడు ఒక్కటే సాలదు. ముక్కుకు పని, బుర్రకు పని ఉండాలె. చపాతి ముక్కలు పాత గుడ్డల చుట్టి ఇంట్ల దాస్త. వడ్ల గుమ్మి వెనక, కుండల సందుల. వెతుకుతది. అన్నీ దొరికేసరికి ఒళ్లంత అలిసిపోయి నిద్ర పోతది. చెప్పులు కొరకలే, వైర్లు కొరకలే. అన్నం ముందట పెట్టి ఆగమంటే ఆగుతది. జొల్లు కారుతుంటది గానీ ఆగుతది. అంత సబర్ నీకున్నదా? మీ ఇంట్ల అన్నం వడ్డించేలోపల పళ్లెం మోగిస్తవు నువ్వు.

…ఆ, ఒక్క చెయ్యే. ఎడమ చెయ్యి తోటే. సైగలన్నీ ఎడమ చెయ్యి తోటే నేర్చుకున్నది. కూసో అంటే… చూడు, ఇప్పుడు గూడ కూసుంది… నిన్ను గాదయ్యా, కుక్కను అన్న.

…ఏందీ? నీదా? నీ కుక్కనా? … పైసలు పెట్టి కొన్నవా. కాయితాలు నీ పేరు మీదున్నయా. మరి పెద్దవూర రోడ్డు మీద ఆ కాయితాలు గూడ దాని మెడల కట్టి రావాల్సింది. … బాలాజీని తీసుకొని వస్తవా? రా. కానీ ఆ కారు మా గల్లిలకు తేకు, చెప్తున్న. ఆ కారు చూస్తే దానికేమైతదో నాకు తెల్వదు, నీకైతే ఏమైతదో తెలుసు. మా అమ్మ చేతిల చీపురు కుక్క ముందట లేవదన్న గానీ, నీ ముందట లేవదనలే.

…ఇప్పుడు బుజ్జగిస్తున్నవా… ఆ. … ఆ. … ఓనరు ఖాళీ చెయ్‌మన్నడా? ఎప్పుడు? … వారం లోపల కుక్క పోవాలె లేకపోతే మీరు పోవాలె అన్నడా. అదా సంగతి. మరి ఆ మాట నాకెందుకు చెప్పలే?

…భయమా? నేనేమన్న అంటననా? … ఏమందును? మిర్యాలగూడల ఇంకొక ఇల్లు దొరకదా అందును. దొరికేదాక మా అమ్మగారింటికి తీసుకపోత అందును. గదే గదా ఇప్పుడు చేస్తున్నది! ఒక్క ఫోను. దినమంత ఫోన్లు అమ్మేటోనివి, ఒక్క ఫోను చెయ్య చేతగాలె నీకు. అడుగుడు రాదు. చెప్పుడు రాదు. దింపుడొక్కటే వస్తది.

…విను. నేను చెప్తున్న, విను. ఈ చెయ్యి ఉన్నది గదా. కట్టిప్పినంక మునుపటి లెక్క లేస్తదో లేదో డాక్టరు చెప్పలేనన్నడు. బియ్యం మూట లేపరాదు, నీళ్ల బిందె పట్టరాదు. రేపు లేవలేదనుకో, పని చెయ్యదనుకో. మీ అమ్మ వచ్చి, గిదేం కోడలు అన్నదనుకో. అప్పుడు నన్ను ఏ రోడ్డు మీద దింపుతవు? సాగర్ రోడ్డా? నార్కట్‌పల్లి రోడ్డా? బాలాజీ కారే తెస్తవా?

…

…"గట్లెట్ల అంటవు" అంటవా. దాన్ని కొడుకంటివి. కొడుకును దింపినోడు పెండ్లాన్ని దింపడని ఏం నమ్మకం? మెడల బిళ్ల గూడ లేదు నాకు, ఎవరన్న ఫోన్ చేసెటందుకు.

…ఏడుస్తున్నవా? నిజంగనేనా, ఫోన్ ఎక్కడన్న నిలబెట్టినవా ముందట? … సరే, సరే. నమ్మిన. ఏడువు. జర ఏడ్చుడు మంచిదే నీకు.

…ఏం చెయ్యాల్నంటే నన్నెందుకడుగుతవు? … చెప్తే చేస్తవా? అయితే ఆ వీడియో తీసెయ్. తీసేసి, ఏం చేసినవో నీ నోటి తోటి చెప్పు. నల్లద్దాలు లేకుంట చెప్పు. నా కోసం గాదు. రేపు ఇంకొకడు నీ రీళ్లు చూసి గిట్లాంటి కుక్కనే కొని మేడ మీద కట్టేస్తడు, వానికోసం చెప్పు. … లైకులు పోతే పోనీ.

…దాని తోటా? ఏం మాట్లాడుతవు దాని తోటి? … వద్దు. ఇప్పుడిప్పుడే నిద్ర పోతున్నది రాత్రిళ్లు. … ఒక్కసారా. …

…సరే. ఒక్కసారే. స్పీకర్ల పెడుతున్న. తిట్టకు, అరవకు. మెల్లగ పిలువు. … ఆ, పిలువు.

…

…లేసింది. చెవులు నిలబెట్టింది. … ఇంకొకసారి పిలువు. …

…చాలు. చాలు, ఆపు. పిలువకిగ. ఫోను వెనక చూస్తున్నది. నా కొంగు ఎత్తి చూస్తున్నది. తలుపు వెనకకు పోయింది… అమ్మా, జర దాన్ని చూడు. ఆ, గేటు కాడికి పోయింది. గేటు సందుల మూతి పెట్టి రోడ్డు దిక్కు చూస్తున్నది. తోకూపుతున్నది. … నీకోసమే. ఇంకెవరికోసం?

…నువ్వేం అనకు. విను. నువ్వు పిలిస్తే అది ఇప్పటికీ వస్తది. నువ్వు చేసిందంత మర్చిపోయి వస్తది. నువ్వు మళ్లీ దింపినా మళ్లీ ఉరుకుతది, నీ కారు వెనక. దానికి గంతే తెలుసు, పిచ్చిది. నాకు గట్ల చేతగాదు. నేను రాను. ఈ ఆదివారం రాను. ఎప్పుడొస్తనో, వస్తనో రానో నాకే తెల్వదు. తెలిసిననాడు నేనే చెప్త. నువ్వు అడగకు.

…అత్తమ్మకు ఏమన్న చెప్పుకో. ఫార్మ్‌హౌస్‌ల ఉన్నదని చెప్పు.

…ఆగు. ఒక్క నిమిషం ఆగు.

మేజర్… మేజర్, ఇటు రా. … రా నాన్న. అక్కడెవరూ లేరు. … ఇటు చూడు. నా చెయ్యి చూడు. రా.

…

…లేదు, ఇంకా గేటు కాడనే కూసున్నది. నువ్వు మాట్లాడకు, సప్పుడు చెయ్యకు.

మేజర్… రా. …

…చెవి తిప్పింది. … లేస్తున్నది. … ఒకసారి రోడ్డు చూసింది, ఒకసారి నన్ను చూసింది. …

…వస్తున్నది.

…వచ్చింది. ఇగ పెట్టేస్తున్న.